నాలుగో ట్యూబులో ఏమీ లేదు

మధ్యాహ్నం. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అక్క ప్రాక్టికల్స్‌కి సామాను సర్దుతోంది. గాజు పలకల మీద యాసిడ్‌తో పువ్వులు దించే పనిచేసే తమ్ముడు ఆమె ఎదుట నించున్నాడు.

“నాలుగో ట్యూబులో ఏమీ అవలేదేంటక్కా?”

“అవదురా. నాలుగింట్లోనూ పోసింది ఒకటే, సిల్వర్ నైట్రేట్. క్లోరైడు తెల్లగా విరిగింది. బ్రోమైడు మీగడ రంగు. అయొడైడు పసుపు. ఫ్లోరైడు మాత్రం ఉలకదు, పలకదు. అయినా పనెగ్గొట్టి పాఠం వినడానికొచ్చావా?”

“ఊరికే వచ్చాలే. అంటే ఫ్లోరైడు సాధువన్నమాట.”

“ఎవరన్నారు?”

“నువ్వేగా చెప్పావు చిన్నప్పుడు. క్లోరిన్ గాలి పీలిస్తే ప్రాణం పోతుంది, అదే క్లోరైడైతే ఉప్పులో రోజూ తింటున్నాం అని. అయాన్ అయ్యాక బుద్ధొస్తుందని.”

“ఫ్లోరైడు కూడా పళ్ల పేస్టులో పిసరంత ఉంటే మంచిదే. మీ షాపులో గాజుని తినే యాసిడ్‌లో ఉండేదీ ఫ్లోరైడే, కానీ దాని సంగతి వేరు. ఎందుకడుగుతున్నావు?”

“ఊరికే. ఒంటి మీద పడితే మండుతుందిగా? మండకపోతే ఏమీ కానట్టేగా?”

“అదేరా దాంతో భయం. క్లోరిన్‌కి ఘాటుంది, బ్రోమిన్‌కి ఎర్రటి పొగ, అయొడిన్ మరక చేస్తుంది. ఇది చెప్పాపెట్టకుండా చర్మంలోంచి దిగిపోతుంది. లోపల కాల్షియం ఎక్కడుంటే అక్కడ పట్టుకుంటుంది, వదలదు. ఎముక, రక్తం. ఆఖరికి గుండె.”

“నొప్పి?”

“పల్చటి యాసిడ్ అయితే గంటల తరబడి తెలీదు. తెలిసేదాకా ఆగకూడదు. కడిగేసుకుని, కాల్షియం జెల్ రాసుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. ఏరా, చేతులు వెనక్కెందుకు పెట్టుకున్నావు?”

“ఏం లేదు.”

“చూపించు.”

“ఏం లేదంటున్నాగా.”

“చూపించమన్నానా.”

“ఇదిగో, చూడు. బాగానే ఉన్నాయిగా. నిన్న డబ్బా ఒలికింది. గ్లవ్స్ వేసుకునే తుడిచాను.”

“అమ్మయ్య. మరి ఇదంతా ఎందుకడుగుతున్నావు?”

“తుడిచిన గుడ్డ నా సంచిలో ఉండిపోయిందక్కా. చూసుకోకుండా ఇంటికి పట్టుకెళ్లిపోయాను.”

“పోనీలే. ఎవరూ ముట్టుకోకుండా…”

“పొద్దున అమ్మ ఉతికేసింది. ఒట్టి చేతుల్తో. ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. నొప్పా, నాకేం నొప్పిరా, నువ్వు అన్నం తిన్నావా అంటోంది.”