చెట్టు పాదులో దిమ్మిస

పంతొమ్మిది వందల నలభై ఎనిమిది చివర్లో, ఆగిరిపల్లి పక్కన పాండురంగారావు గారి మామిడి తోట. కాయలు ప్యాక్ చేసే కొత్త షెడ్డుకి నేల గట్టి చేయిస్తున్న మేస్త్రీ హనుమయ్య అన్నం తిని వచ్చేసరికి, తమ్ముడి భార్య సీతమ్మ షెడ్డులో లేదు. మట్టి గట్టిపడేట్టు కొట్టే దిమ్మిస పట్టుకుని బయట పెద్ద రసం చెట్టు మొదట్లో ఉంది.

"ఇదేం పని సీతమ్మా?"

"మట్టి కొడుతున్నాను బావగారూ."

"కొట్టాల్సింది షెడ్డులో. ఇది చెట్టు పాదు."

"షెడ్డులో అయిపోయింది."

"అయిపోతే కూర్చో. నీళ్ళు కూడా చల్లావా?"

"చల్లాను. తడి మీదైతే బాగా దిగుద్ది."

"మట్టి మోకాలెత్తు పోసినట్టున్నావు."

"పొరపొరకీ కొట్టాను. మీరు నేర్పినట్టే."

"నేను నేర్పింది నేలకి. ఇట్టా బిగిస్తే వేళ్ళకి గాలాడదు, నీళ్ళు దిగవు. పూత రాదు. చెట్టే చచ్చిపోద్ది."

"ఊ."

"ఊ ఏంటి? ఈ చెట్టు జోలికి పోవద్దని పాండురంగారావు గారు మరీ మరీ చెప్పారు. సాయంత్రం వస్తారు. చూస్తే మన వాళ్ళందర్నీ తోటలోంచి గెంటేస్తారు. పలుగు తే, తవ్వేద్దాం."

"తవ్వను."

"నీ పెద్దోడు దీని మీంచే పడ్డాడని కడుపుమంట. నాకు లేదా? పోతురాజు నా చేతుల్లో పెరిగినోడు. చెట్టేం చేసింది?"

"చెట్టు మీద నాకు కోపం లేదు."

"మరి?"

"కోపం, ఏడుపు, ఏమీ రావట్లేదు బావగారూ. వాడు పోయినకాడ్నించీ అంతే. తింటున్నాను, పనికొస్తున్నాను."

"మరెందుకమ్మా ఇది?"

"మిగతా చెట్లన్నీ కిందనించే గడకి కట్టిన చిక్కంతో కోస్తారు. దీన్నే ఎక్కాలి. ఈ వేసవికి ఎవరెక్కుతారు?"

"ఎవరో ఒకరు. ఇప్పుడా సంగతెందుకు?"

"ఎవరు?"

"ఇంకా పూతే రాలేదు గదా."

"మా చిన్నయ్యని ఎక్కిస్తానని మీరు పాండురంగారావు గారికి మాటిచ్చారంటగా."

"ఎవరు చెప్పారు నీకు?"

"వాడే చెప్పాడు. సంబరపడిపోతున్నాడు, అన్న ఎక్కిన చెట్టని. నాకు మిగిలింది వాడొక్కడే."

"ఆయన అడిగారు. కాదనలేకపోయాను సీతమ్మా."

"మీరు కాదనలేరని తెలుసు. అందుకే మీతో చెప్పకుండా ఇటొచ్చాను. కాపు లేకపోతే ఎక్కే పనుండదుగా. పలుగు తెమ్మంటారా?"

"వద్దు. ఆ పడమటి పక్క ఇంకా వదులుగా ఉంది. దిమ్మిస ఇటియ్యి."