బరాత్‌లో బాపు కేక

కట్టంగూర్ రోడ్డు మీద పెండ్లి బరాత్ ఆగింది. డీజే బండిలో మోగుతున్న పాట రాసిన అక్క, దానికి బాణీ కట్టిన తమ్ముడు పక్కన నిలబడి చూస్తున్నారు.

“తమ్మీ, గీ మోతకు గొర్లు బెదిరి ఉరకాలె గదా. బండి దిక్కే వస్తున్నయేందిరా?”

“మన గొర్లే అక్కా. బాపు పోయినంక కురుమయ్య మామకు అమ్మినయి.”

“అయితే మాత్రం, పాట ఇననీకి వస్తయా?”

“పాటకు కాదు. బాపు మందను పిలిచేటోడు జూడు, గా కేక డప్పు మోతల కలిపిన. బతికున్నప్పుడు ఫోన్ల రికార్డు చేసిన.”

“నాకెందుకు చెప్పలే?”

“ఇంటే ఏడుస్తవని.”

“గిన్నిసార్లు ఇన్న, గుర్తుపట్టలే. అవి పట్టినయి.”

“డీజేను ఆపమందునా?”

“వద్దురా. మళ్ల పెట్టమను. ఎనుకబడ్డయి ఇంకా వస్తున్నయి.”