నర్సింగం దుబాయి రేజర్

గిది గడ్డం గీసే సామానా, నగలు దాసుకునే డబ్బానా, నర్సింగం? మూత తెరిస్తె లోపల ఎర్ర మఖమలు. దాని మీద ఇది పసిపిల్ల లెక్క పండుకున్నది. నా పెండ్లాం ఐలవ్వ నలభై ఏండ్ల సంది గోనెసంచి మీద పండుకుంటున్నది, దానికి ఎవరన్న మఖమలు పరిచిండ్రా?

కదలకు. మాట్లాడకు కూడ. మూతి మీద నురుగున్నది, నోట్లకు పోతది. నీకు ఇయ్యాల మాట్లాడే పని లేదు. నేను మాట్లాడుత. ఎప్పుడైనా మాట్లాడేది నేనే గద.

పొద్దుగాల శాంత మా ఇంటికొచ్చింది. "సాంబయ్య మామా, ఆయన వేళ్లు వంగుతలేవు, జర వచ్చి గీసిపో" అన్నది. నా కత్తుల పొది సంకల పెట్టుకొని వచ్చిన. వచ్చినంక గడప కాడ ఆపింది. "మామా, పొది బయట పెట్టు. నీ కత్తి వద్దన్నడు, గీ దాంతోనే గీయుమన్నడు" అని గీ డబ్బా చేతుల పెట్టింది. మంచిగున్నది. నీ పుట్టెంటికలు తీసింది గా కత్తితోనే. నీ లగ్గం నాడు నిన్ను పెండ్లికొడుకును చేసింది గా కత్తితోనే. ఇయ్యాల అది గడప బయట, ఇది మఖమలు మీద.

గీ నురుగు పెట్టే కుచ్చు దేని బొచ్చు, అల్లుడా? దుబాయోళ్లు ఏ జంతువును పట్టి గొరిగిండ్రో. పొడిగున్నప్పుడు ఏం లేదు, తడవంగనే వానకు తడిసిన మేక వాసన. మల్ల దాని మీద గీ క్రీము. ఇది ఊదుబత్తీలు అమ్మేటోని సంచి వాసన. మేకకు ఊదుబత్తి ముట్టిచ్చినట్టున్నది నీ మొఖం. నువ్వు మాత్రం కండ్లు మూసుకొని సుఖపడుతున్నవు.

బరువు చూడు. పావుకిలో తూకంరాయి లెక్కున్నది. రాయికల్ సంతల కొత్తిమీర అమ్మే సత్యవ్వకు ఇస్తె తూకానికి పనికొచ్చేది. పిడికి బంగారు నీళ్లు వేరె. గడ్డం తీసి పారేసే దానికి బంగారం ఎందుకు? చెత్త ఊడ్చే చీపురుకు ఎవరన్న పట్టుకుచ్చు కడుతరా?

ఇగో, మొదటి గీత.

ఊ. లాగుతలేదు. సప్పుడు కూడ లేదు. నా కత్తికి సప్పుడుంటది, కర్‌కర్‌మని. వెంట్రుక తెగుతున్నదని మనిషికి ఎరుకైతది. ఇది చెప్పకుండ తెంపుతది. గిసొంటి దాన్ని నమ్ముడు ఎట్లనో నాకు తెల్వదు.

ఏంది, కన్ను తెరిచి చూస్తున్నవు? సగం నెల జీతం పెట్టి కొన్నవు, దానికి తగ్గదా కాదా అనా? ఆగు. ఇంకో చెంప చూడనీ. ఇది వాచిన దిక్కు, మెల్లగ పోవాలె.

నువ్వు అక్కడ ఏదో షేకు ఇంట్ల తానాల గదికి బండలు పరిచినవట. అద్దం కింద గిసొంటి రేజర్ ఉండెనట. నలభై రోజులు దాన్నే చూసుకుంట బండలు పరిచి, పని ఒడిసిన నాడు బజారుకు పోయి కొన్నవట. గీ ముచ్చట నేను పుట్టిచ్చింది కాదు, ఊరందరికి నువ్వే చెప్పినవు. మా దిక్కు నుంచి దుబాయి పోయినోళ్లు రేడియో తెచ్చిండ్రు, కంబళ్లు తెచ్చిండ్రు, ఒగడు గాజు సీసల నీళ్లు పోసుకొని తెచ్చి అత్తరన్నడు. రేజర్ తెచ్చినోన్ని నిన్నే చూసిన.

చాయ హోటల్ కాడ అందరి చేతులకు ఇచ్చినవు, గుర్తున్నదా? ముత్యం తీసుకున్నడు. సిరిసిల్లల బట్టలు నేసే సాంచెలు నడిపి నడిపి వాని చెవులు రెండూ పోయినయి. పిడిని చెవి కాడ పెట్టుకొని, "ఏ స్టేషన్ వస్తది?" అన్నడు. అందరు కడుపు పట్టుకొని నవ్విండ్రు. గప్పుడు నువ్వు నా దిక్కు తిరిగినవు. "సాంబయ్య మామా, ఇగ నీ కత్తిని గోడల చెక్కుకో" అన్నవు.

నేను గూడ నవ్విన. ఊరందరిని నవ్వులపాలు చేసేటోన్ని, నన్ను ఒక్కసారి అంటె నవ్వద్దా? నవ్విన. ఇంటికి పోయి ఐలవ్వకు చెప్పిన, అది గూడ నవ్వింది. దానికి ఇంకొంచెం ఎక్కువ నవ్వొచ్చింది.

సరే. ఇగ నువ్వు రోజు గీసుకునుడు మొదలువెట్టినవు. ఐతారం లేదు, సోమారం లేదు. ఆఖరికి మంగళారం గూడ. మంగళారం ఎవడన్న గడ్డం ముడుతడా, నర్సింగం? నేను నా పొదిని కూడ ముట్ట. గా నాడు ఊర్ల ఎవల మొఖం చూసినా కోసిన జొన్నచేను లెక్కుంటది. నున్నగుండేటివి రెండే. ఒగటి నీ మొఖం, ఇంకోటి బడిల క్యాంపేసిన పోలీసోళ్ల మొఖాలు. అడివిల అన్నల దిక్కు పోరలు ఒకసారి నన్ను అడిగిండ్రు కూడ, "గా దుబాయాయన పోలీసోళ్ల మనిషా, రోజు గీసుకుంటున్నడు" అని. "కాదు బిడ్డా, షేకు మనిషి" అన్న. వాళ్లు నవ్వి పోయిండ్రు. గా మాట ఒక్కటన్న మంచిగ చెప్పిన.

దవడ కింద నొస్తున్నదా? చెయ్యి ఎత్తు, మాట్లాడకు. ఆఁ, గా జాగ ఇడిచిపెడుత.

పోలీసోళ్లకు మాత్రం నువ్వు అన్నల మనిషివే అయినవు. పదమూడు రోజుల కింద నడి బజార్ల జీపు ఎక్కిచ్చిండ్రు. "అడివిల గడ్డం పెంచి, ఊర్లకొచ్చి తీసేసి తిరుగుతున్నవు" అన్నరు. నువ్వు దుబాయన్నవు. "పాస్‌పోర్ట్ ఏది?" అన్నరు. అది కొత్త వీసాకు కోరుట్ల ఏజెంటు కాడ ఉండె. గడ్డం రాజన్నకు మొక్కుకున్న, దుబాయిల మూడేండ్లు పెంచి వచ్చి వేములాడల ఇచ్చిన అన్నవు. "అందరు గదే చెప్తరు" అన్నరు. శాంత నాలుగు రోజులు కోరుట్లకు ఊరికి తిరిగి, ఏజెంటు కాళ్లు పట్టుకొని, పాస్‌పోర్ట్ తెచ్చి చూపిస్తె ఇడిచిపెట్టిండ్రు. అప్పటికి నీ వేళ్లు నల్లవంకాయలైనయి. గీ వేళ్లతోని బండలు ఎట్ల పరుస్తవని అడిగిన శాంతను. "పోయిన కాడ మానుతయి మామా, ఈడుంటె మానవు" అన్నది. చిన్న మాట కాదు అది.

రేపు పొద్దుగాల బొంబాయి బస్సు. పెరిగిన గడ్డంతోని ఎక్కితె తొవ్వల మల్ల దింపుతరని శాంత భయం. మరి తీసినందుకే గద మొదలు దింపింది? మనసొంటోళ్లకు గడ్డం ఉన్నా తప్పే, లేకున్నా తప్పే. మొఖమే లేకుంటె సరిపోయేది.

ఇగో, వాచిన చెంప అయిపోయింది. అడిగినవు గద, చెప్తున్న. నిజమే చెప్తున్న, నా నోట్లకెళ్లి ఇది అరుదుగ వస్తది. రేజర్ మంచిది. నా కత్తి అయితే గా వాపు మీద నీకు కండ్లల్ల నీళ్లు తిరగాలె. ఇది బురదల మట్టగిడిస లెక్క జారింది. మొఖానికైతే సగం నెల జీతానికి తగ్గదే. కాని నున్నటి మొఖం పెట్టుకొని తిరిగే జాగ కూడ కొనాలె దాంతోపాటు. గా జాగ మన దిక్కు అమ్ముతలేరు.

ఇంకో ముచ్చట.

శాంత తొవ్వల చెప్పింది. మధ్యాహ్నం అన్నల మనుషులు మీ ఇంటికొస్తరట. నిన్ను పట్టిచ్చినోని పేరు చెప్పుమన్నరట. నువ్వు దశరథం పేరు చెప్తనన్నవట.

మాట్లాడకు అన్న గద. నురుగు.

దశరథం. నీ సొంత చిన్నాయిన కొడుకు. నిన్ను పట్టుకపోయిన ముందటి రోజు బావి కాడ మోటారు వంతుకు ఇద్దరు కొట్టుకున్నరు. "నీ సంగతి చూస్త" అన్నడు. అన్నడు, నేను కూడ ఇన్న. దశరథం గా మాట వాని ఎడ్లకు గూడ అంటడు. వాని ఎడ్లను ఎవడన్న ఠాణాకు పట్టుకపోయిండా?

పోలీసోళ్లకు మాట మోసిండని పోయిన యాడాది పొరుగూర్ల ఒకన్ని అన్నలు తీస్కపోయిండ్రు. నువ్వు దుబాయిల ఉంటివి, నీకు ఎరుక లేదు. వాని కొడుకులిద్దరి తలలు గొరిగింది నేను. పెద్దోడు తల వంచి కూసున్నడు. చిన్నోడు, "మా నాయిన ఏం చెప్పిండు పోలీసోళ్లకు?" అని నన్ను అడిగిండు. నేను ఊరందరి ముచ్చట్లు చెప్పేటోన్ని, గా పిల్లగాని తల మీద ఇన్ని నీళ్లు పోసి గొరుగుకుంట కూసున్న.

ఇగ ఇను. చెయ్యి దించు. రేజర్ నా చేతుల ఉన్నది, కోసుకుంటది.

గడ్డం తీసిన మొఖం రెండు రంగులుంటది, నర్సింగం. మీది తోలు ఎండకు మాడి ఉంటది, కింది తోలు ముల్లంగి లెక్క తెల్లగుంటది. నెల దాటితె కలిసిపోతది. పక్కన పండే పెండ్లానికి కూడ కానరాదు, నా పనిల ఉన్నోనికి కానస్తది. మరి జీపుల పోయే పోలీసోనికి ఎట్ల కానచ్చింది? అడుగలె నువ్వు? ఠాణాల నీ దవడ పట్టుకొని ఎండకు తిప్పి తిప్పి చూసిండ్రని శాంత చెప్పింది. ఎందుకు చూసిండ్రు?

మంగళారం వాళ్లే గీసుకుంటరు, మిగిలిన రోజులు క్యాంపుల గడ్డాలు నేనే గీస్త. పైసలియ్యరు. పిలుస్తరు, పోత. నిన్ను పట్టుకపోకముందు ఒకరోజు జమేదారుకు నురుగు పెడుతున్న. "ఏం సాంబయ్యా, ఊర్ల ఏం సంగతులు?" అన్నడు. చుట్టు నలుగురు కూసున్నరు. నేను ముత్యం రేడియో ముచ్చట చెప్పిన. నవ్విండ్రు. తుపాకులు పట్టుకున్నోళ్లు నవ్వితె, అల్లుడా, అదేందో గొప్పగనే అనిపిస్తది. ఇంకింత చెప్పాలనిపిచ్చింది.

"మా ఊర్ల ఇంకో మొనగాడున్నడు సారూ" అన్న. "రొమ్ముల దాక గడ్డంతోని ఊర్లకొచ్చిండు, మూడో రోజుకు గడ్డం మాయం. నేను తీయలె. ఎవడు తీసిండో తెల్వదు. ఇప్పుడు మొఖం చూస్తె మీద దున్నిన చెలక, కింద గీకిన ముల్లంగి" అన్న.

మల్ల నవ్విండ్రు. జమేదారు నవ్వలె. నురుగు తుడుచుకోకుంటనే అడిగిండు, "పేరేంది?" అని.

చెప్పిన.

వేములాడ సంగతి ఎందుకు చెప్పలె అని చూస్తున్నవు. చెప్తె నవ్వు రాదు. మొక్కుకున్నడు, ఇచ్చిండు. అందుల ముచ్చటేమున్నది?

నీ మీద కోపం లేదా అంటె ఉండె. కత్తి గోడల చెక్కుకొమ్మంటివి. కాని గా కోపానికి నిన్ను జీపెక్కియ్యాలని కాదు. నా మొఖం చూడు, నర్సింగం. ఒట్టు పెట్టను, నా ఒట్టు ఎవడు నమ్ముతడు. జీపొచ్చిన నాడు నేను బజార్లనే ఉన్న. నువ్వు నా దిక్కు చూసి, "మామా, శాంతకు చెప్పు" అన్నవు. పోయి చెప్పిన. గింత మంచోన్ని నేను. ఏజెంటు కాడికి ఏ బస్సుకు పోవాల్నో కూడ చెప్పిన. అది నన్ను చేతులెత్తి మొక్కింది. గా దినం సంది అన్నం ముద్ద నోట్లె పెట్టుకుంటె నా నోరు నాకే కంపు కొడుతున్నది. పుక్కిలిస్తె పోతలేదు. వేపపుల్ల నమిలితె పోతలేదు. నీ దుబాయి క్రీముతోని కడిగినా పోయే కంపు కాదు అది.

దశరథం పేరు చెప్పకు. వానికి బావి తప్ప వేరే లోకం లేదు.

నా పేరు చెప్పుమందమంటె నోరు వస్తలేదు. చెప్పకుమందమంటె గూడ వస్తలేదు. గింత నోరున్నోన్ని.

గొంతు ఒక్కటి మిగిలింది. జర తల ఎత్తు, అది గూడ గీస్త. భయపడకు. నా కత్తి గడప బయటనే ఉన్నది. గీ రేజర్‌కు బ్లేడు మీద మూత లెక్క అడ్డం ఉన్నది, గొంతులు కోసెటందుకు చేసింది కాదు. మంచి సామాను, ఎంత పెట్టినా తప్పులేదు.

ఎత్తుతలేవు.

నీ జాగల ఉంటె నేను గూడ ఎత్త.

సరే, గంత జాగ గట్లనే ఉండనీ. తువ్వాల ఇగో, ఎడమ చేత్తోని తుడుచుకో. నేను బయట అరుగు మీద కూసుంట. వాళ్లు వచ్చినప్పుడు నువ్వు పేరు చెప్పుడు గూడ అక్కర లేదు. వేలు చూపెట్టరాదు నీకు, వంగుతలేదు గద. ఎవరని అడిగితె బయటికి చూడు, చాలు. ఆడ నేనొక్కన్నే ఉంట.