పేరు రాయని ఆల్టర్నేటర్

1984. లక్సెట్టిపేట దగ్గరి ఒక పల్లె. వెంకటేశ్వర్‌రావు దొర ఇంటి ముందర, బానెట్ తెరిచిన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు. దాని దగ్గర మెకానిక్ భూమన్న, దొరసాని ఇందిరాదేవి.

"ఆగుండ్రి దొర్సానమ్మా, ఆ తీగ ముట్టకుండ్రి. ముందుగాల బ్యాటరీ ఇప్పాలె."

"ముట్టలే. చూస్తున్న, గంతే. ఎంతసేపైతది భూమన్నా?"

"బ్యాటరీకి ఛార్జింగిచ్చే పాత ఆల్టర్నేటర్ దించుడు, కొత్తది ఎక్కిచ్చుడు, బెల్టు గుంజుడు. గంటైతది. గంత తొందరేంది?"

"తొందరేం లేదు. రెండింటికి దొర పేటకు పోవాలె."

"జీపుల పోవచ్చు గద."

"దీంట్లనే పోతరట."

"బొగ్గుబావుల తెల్లదొర అమ్మిపోయిన కారు. దీంట్ల కూసుంటె దొరకు ఇరవై ఏండ్లు తగ్గుతయి. మరి పక్క సీట్ల ఎవరు, మీరా?"

"నేనెందుకు? నువ్వే."

"నేనా? దొర పక్కకా?"

"ఏం, కూసోవద్దా?"

"పద్దెనిమిదేండ్ల సంది దీని కింద పండుకుంటున్న గని, సీట్ల కూసొమ్మని ఎవ్వలనలే. నడిపి చూసేటప్పుడు గూడ గోనెసంచి పరుసుకోని కూసుంట."

"ఇయ్యాల గోనెసంచి లేకుండనే కూసో."

"అట్లనా. జర గా పెద్ద పానా ఇటియ్యుండ్రి."

"ఇదేనా?"

"గదే. ఇగో, వచ్చింది బయటికి. తిప్పితె గరగర అంటుంది, ఇనుండ్రి. బేరింగు అరిగింది. తొమ్మిదేండ్లు నడిచింది పాపం."

"దాని మీద తెల్లగ ఏంది? భూమన్న అని ఉన్నది!"

"నా రాతనే. యాది లేదా? నాలుగు దినాలు పలక వట్టుకోని నేర్పిచ్చిండ్రు. మీరు రాసుడు, దాని మీద నేను దిద్దుడు. అయిదో దినం దీన్ని బిగిచ్చి, మొదలు దీని మీదనే పెయింటుతోని రాసిన. అప్పటి సంది ఏ బండికి ఏ సామాను ఎక్కిచ్చినా పేరు రాస్త. మంచిర్యాల లారీలోల్లు నవ్వుతరు. నవ్వనీ."

"న వత్తు రాక ఎంత తిప్పలపడ్డవో!"

"మా అవ్వ గూడ గంత ఓపికతోని నాకు బువ్వ పెట్టలే. మా ఇంటామె బాలవ్వతోని ఎప్పుడంటనే ఉంట, దొర్సానమ్మ నాకు రెండో అవ్వ అని."

"బాలవ్వ బాగున్నదా?"

"ఏం బాగు? ఆమె భూమి ముచ్చట తెల్వదా మీకు?"

"ఏ భూమి?"

"గుట్ట కింద సర్కారుది, రెండెకరాలు. పన్నెండేండ్లు రాళ్లేరి సాగుకు తెచ్చింది. మా బాలవ్వ చేతులు చూస్తె మీరు ఏడుస్తరు. ఇప్పుడు వేరే భూమి లేకుంట దున్నేటోల్లకు పట్టాలిస్తుండ్రు గద, లిస్టుల ఆమె పేరు కొట్టేసిండ్రు."

"అయ్యో. ఎందుకట?"

"మొగని పేరు మీద తొమ్మిదెకరాలున్నదట."

"బెల్టు ఇయ్యాల్నా నీకు?"

"ఇయ్యుండ్రి. నిన్న పేటల తాసిల్ ఆఫీసుకు పోయి అడిగిన. తులసిగద్దెల మన్ను తప్ప నాకు మన్నెక్కడిది సారూ అన్న. ఆ సారు కాయితం తీసి ముంగటేసిండు. వాగవుతల తొమ్మిదెకరాలు. అమ్మినోడు వెంకటేశ్వర్‌రావు, కొన్నోడు భూమన్న. కింద నా సంతకం."

"దొరలకు ఏవేవో కాయితాలుంటయి. నాకేం తెల్వదు భూమన్నా."

"నేను గూడ గదే అనుకున్న. భూమి సీలింగు చట్టం వచ్చినప్పుడు భూమి దాచుకునేతందుకు దొర చేసిండు, దొర్సానమ్మకు చెప్పి ఉండడు అని తొవ్వ పొడుగూత అనుకుంట వచ్చిన."

"మగోల్లు మాకు ఏం చెప్తరు?"

"ఆ రాడు గట్టిగ పట్టుండ్రి, బెల్టు గుంజాలె. ఇంక జర. చాలు. నేను ఆల్టర్నేటర్ మీద పేరు రాసిన తెల్లారే దొర నన్ను పిలిచి, కారు కాయితం, సాక్షి సంతకం పెట్టుమన్నడు. నేను మురుసుకుంట పెట్టిన. జీవితంల రెండోసారి రాసిన పేరు. మొదలు ఆల్టర్నేటర్ మీద, ఎనుక దాని మీద."

"అది ఉత్త కాయితమే! నీకేమన్న నష్టమైందా? ఎన్నడన్న శిస్తు కట్టినవా?"

"ఉత్త కాయితమని మీకెట్ల ఎరుక? ఇప్పుడే గద ఏం తెల్వదన్నరు."

"అంటే, నువ్వు చెప్తుంటె..."

"అప్పటిదాంక నేను వేలిముద్రోన్ని గద. ఇంట్ల ఇంతమంది పనోల్లున్నరు, ఎవ్వలికీ ఒక్క అక్షరం చెప్పలే మీరు. సరిగ్గ గా వారమే నాకు పలక ఎందుకు తెచ్చిండ్రు?"

"భూమన్నా..."

"అడుగుతున్న అమ్మా. ఎందుకు తెచ్చిండ్రు?"

"దొర నేర్పుమన్నరు. భూమి అమ్మిన కాయితాల మీద అన్నీ పనోల్ల వేలిముద్రలే అయితె ఆఫీసరుకు అనుమానం వస్తదట. సంతకం పెట్టెటోన్ని అడగరట. కని నేను ఇష్టంతోనే నేర్పిన, ఒట్టు. నువ్వు పేరు రాసిన్నాడు నేనూ సంతోషపడ్డ."

"పడ్డరు. నేను చూసిన. నాకు గదే మంట. దొర మోసం చేస్తే దొర గద అని ఊకుందును. మీరు నా చెయ్యి వట్టి దిద్దిచ్చిండ్రు."

"నన్ను గట్ల చూడకు."

"బ్యాటరీ తీగ మల్ల తగిలిచ్చిన, తాళం తిప్పుండ్రి. స్టార్టు చెయ్యుండ్రి."

"ఇగో. ఎర్రలైటు వెలుగుతుంది."

"ఎక్సలేటర్ తొక్కుండ్రి. ఆరిందా?"

"ఆరింది."

"ఇగ ఫికర్ లేదు, ఛార్జింగు అయితుంది. నా పని అయిపోయింది."

"కొత్తదాని మీద పేరు రాయలేదేంది? పెయింటు డబ్బ ఇక్కన్నే ఉన్నది."

"ఇగ రాయ."

"భూమన్నా, జర విను. దొర నిన్ను తీస్కపోయేది ఆ ఆఫీసుకే. భూమి నాదే, నేనే దున్నుకుంటున్న అని ఒక్క సంతకం పెట్టు. బాలవ్వకు మా దాంట్లకెళ్లి రెండెకరాలు నేనిప్పిస్త."

"గందుకా పక్క సీటు."

"నువ్వు కాదంటె తొమ్మిదెకరాలు సర్కారుకు పోతయి. మిగిలినోల్ల పేర్ల మీద ఉన్నయి గూడ తవ్వుతరు. ఆ కాయితాల మీద విచారణ అని కబురొచ్చి, దొర నాలుగు దినాల సంది పరేషాన్ అయితుండ్రు. మా ఇజ్జత్ నీ చేతుల ఉన్నది. పెడ్తవు గద?"

"పెట్టిన అమ్మా. నిన్ననే పెట్టిన."

"పెట్టినవా! బతికిచ్చినవు నాయనా! నాకు ముందే ఎందుకు చెప్పలే?"

"ఆ భూమి నాది కాదు, ఆ సంతకం నాది కాదు అని రాయించి, కింద వేలిముద్ర పెట్టిన."

"వేలిముద్రనా? పచ్చి అబద్ధం! నీకు పేరు రాయొస్తది గద!"

"నాకేడొస్తదమ్మా? పలక మీద రాసింది మీరు. నేను దాని మీద దిద్దిన, గంతే."