అంజలికి శుభాకాంక్షల ఫ్లెక్సీ

ఎల్లారెడ్డి బస్టాండు పక్కన పెద్దవ్వ చాయ్ హోటల్లో హరిచంద్ కూర్చుంటే ఇంకొకరికి మాట దొరకదు. ఆ రోజు మాత్రం పెద్దవ్వే కదిపింది.

"హరిచందూ, నా మనుమరాలు స్వాతి మొన్న సోమారం కెల్లి బడికి పోనంటున్నది. బతిమిలాడిన, తిట్టిన. ఇంటలేదు. బడి మానితే నా లెక్క గీ గిలాసలే కడుగుతది. జర నువ్వన్న చెప్పరాదు?"

"గంతేనా అవ్వా! పిల్లలు చదవాల్నంటే ముంగట ఒకలు కనవడాలె. మా తండాల అంజలి నర్సయింది గదా, నౌకరి కొట్టిన మొదటి పిల్ల. ఆమెను జూసి నలుగురు బాగుపడాలని చౌరస్తల ఫ్లెక్సీ నేనే కట్టిచ్చిన. ముందుగాల చిన్నదే, తలుపంత. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఏమైందన్నా?" పక్క బల్ల మీద బీడీ ముట్టిస్తూ అడిగాడు గంగారాం.

"మాచారెడ్డి పిల్లలు బస్సుల పోవుకుంట చూసి, ఇంటికి గూడ పోకుండ సీదా కాలేజీల చేరిండ్రు! గట్లయితే ఇంకింత పెద్దగుండాలని ఇంటంత చేయించిన. ఇగ గంత దూరం సరిహద్దుల ఉన్న డోంగ్లిల నిలవడితే నా మీసం కనవడుతున్నదంట. మహారాష్ట్రోళ్లు బండ్లు కట్టుకోని వచ్చి మరాఠీల దండం పెట్టిండ్రు. పోచారం చెరువు కొంగలు నా పటం జూసి లైన్ల నిలవడుడు నేర్సుకున్నయి!"

"కొంగలు గూడ నర్సులైనయా?"

"నవ్వకు గంగారాం! బాలయ్య బర్రె ఒక్కపారి అటు దిక్కు జూసింది, తెల్లారి పాలల్ల సూదిమందు వాసన! ఆఖరికి పెద్ద దవాఖాన డాక్టరే ఫోన్ జేసిండు. 'అన్నా, జిల్లాల అందరు నర్సులే అయితుండ్రు, రోగులు దొరుకుతలేరు, జర ఆ ఫ్లెక్సీకి ముసుగెయ్యి' అని!"

"నేను రోజు గాడికెల్లే పోత. అంజలి ఫొటో నాకెన్నడు కనవడలే," అన్నాడు గంగారాం.

"ఉన్నది గద, కింద మూలకు, గోలీబిళ్లంత. మరి నా మొఖం పట్టాలె గదా! నా మొఖం కిందనే 'నర్సు ఉద్యోగం సాధించినందుకు శుభాకాంక్షలు' అని బారెడు అక్షరాలు!"

పెద్దవ్వ గిలాస పక్కన పెట్టింది. కోపంగా హరిచంద్ వైపు తిరిగింది.

"గా అక్షరాలే కొడుకా, కొంప ముంచినయి. సోమారం మా స్వాతి ఆ ఫ్లెక్సీ చదివింది. నౌకరి నీకే వచ్చిందనుకున్నది. 'పదో తరగతి దాటని హరిచంద్ మామనే నర్సయిండు, నాకెందుకవ్వా చదువు' అంటున్నది. గాయినకు నౌకరి లేదే అంటే నమ్ముతలేదు. లే, నాతోని రా. నాకు ఏ నౌకరి లేదు బిడ్డా అని నీ నోటితోనే చెప్పు."