రంగుల కార్డుల కట్ట ఎవలది?

"అమ్మమ్మా, మీరు చదివేటప్పుడు కూడా ఒకరి ప్రోగ్రాం ఇంకొకరు వాడుకునేటోళ్లా?" అని అడిగితివి గదా. వాడుకోకుంటె ఎట్ల బిడ్డా? జర ఇట్ల కూసో, చెప్త.

డెబ్బైలల్ల మాట. నేను లెక్కలల్ల ఎమ్మెస్సీ సదువుతున్న. కాలేజీ మొత్తానికి ఒక్కటే కంప్యూటరు, రూమంత ఉండె. అట్ట కార్డులకు బొక్కలు పొడిచి, వరుసగ పేర్చి దానికి తినిపియ్యాలె. ఒక కార్డంటె ప్రోగ్రాంల ఒక లైను. అర్థమైందా? కట్ట చెయ్యి జారి కింద పడ్డదనుకో, ఇగ నీ పని ఖతం.

ఆ రూంల, అల్మారిల ఒక కట్ట ఉండె. సమీకరణాలు సాధించే ప్రోగ్రాం. ఎవలకు అక్కరుంటె వాళ్లు తీస్కపోయి, తమ కార్డుల వెనుక పెట్టి నడిపిచ్చుకొని, మళ్ల అక్కడనే పెడ్తుండిరి. పక్కింట్ల పెరుగు తోడు అడిగినట్టె అనుకో. నాది ధర్మసాగర్ చెరువు నీళ్ల మీద ప్రాజెక్టు. చెరువుల ఇంత నీళ్లుంటె ఊర్ల ఏ పైపుకు ఎంత వస్తదని. ఆ కట్ట లేకుంటె నా ప్రాజెక్టే లేదు. మా బాపు ముందే అన్నడు, "ఈ ఏడు పాసైతె సరే, లేకుంటె సదువు బంద్" అని. అన్నడంటె చేసే మనిషే.

ఒకనాడు పోయి సూస్తె కట్ట లేదు. సాంబయ్య సారు తీస్కపోయిండన్నరు. ఆయన సివిల్ డిపార్టుమెంటు. మొదలు ఆ ప్రోగ్రాం రాసింది ఆయననే. హైదరాబాదుల కొలువైంది, పోతాండు.

నేను, నా దోస్తు స్వరూప ఊర్లనే మట్టెవాడల ఉన్న సారింటికి పోయినం. రిక్షా ఆయన రూపాయిన్నర అడిగిండని నడుసుకుంటనే పోయినం. రూపాయిన్నరంటె గప్పుడు ఏందనుకున్నవ్!

సారు సామాన్లు కడ్తాండు. "నేను రాసిన, నాది" అన్నడు. కోపంగ కాదు, మామూలుగనే.

నేను, "సార్, మీ కార్డులు మీరు తీస్కోండ్రి, మిగిలినయి మాకియ్యుండ్రి" అన్న.

ఆగు, ఇక్కడ నీకొకటి చెప్పలే. ఒక్కో డిపార్టుమెంటుకు ఒక్కో రంగు కార్డులు ఉండె. సారువి తెల్లయి, మా లెక్కలోళ్లయి గులాబీ. ఎవలు తప్పు దిద్దితె వాళ్ల రంగు కార్డు నడుమల దూరేది. సున్నతోని భాగించాల్సి వస్తె ఆ ప్రోగ్రాం ఆగిపోతుండె. మా సులోచనక్క, నాకంటె ఒక ఏడాది పెద్ద, అది సరిచేసింది. పసుపుపచ్చయి... అవి ఎలక్ట్రికలోళ్లయి అనుకుంట.

సారు కట్టను మంచం మీద పెట్టి అంచు దిక్కు సూసిండు. తెలుపు, గులాబీ, తెలుపు, పసుపు. ఒక గులాబీ కార్డు సగం గుంజి, మళ్ల లోపలికి నెట్టిండు.

వాళ్లామె చాయ్ తెచ్చి, "కూర నాది నాది అంటవ్, ఉప్పుకారం ఎవలేసిన్రో సూడు" అన్నది.

సారు నవ్విండు. "హైదరాబాదుల నన్ను ఎవలెరుగుతరే? ఇది సూపెట్టుకుందామనుకున్న" అన్నడు మెల్లగ. మా కోపమంత దిగిపోయింది.

తెల్లారి సారు కట్ట పట్టుకొని కాలేజీకి వచ్చిండు. ముందే కాపీ ఎందుకు కొట్టుకోలే అంటవా? ఖాళీ కార్డులు గప్పుడు పిసినారోళ్ల లెక్క ఇస్తుండిరి. పెద్దసారును బతిమిలాడి తెల్లయి తెచ్చుకొని, మెషీను ముందట కూసోని కట్టంత కాపీ తీసుకున్నడు. రంగుల కట్ట అల్మారిల పెట్టిండు. నా ప్రాజెక్టు నడిసింది, నేను పాసైన.

గని సారు చేతిల కట్ట మొత్తం తెలుపే. అండ్ల సులోచనక్క యాడున్నది? నాకు మనసొప్పలే. ఒక కార్డు మీద అందరి పేర్లు పొడిచి, "పైన పెట్టుకోండ్రి సార్" అని ఇచ్చిన. అసొంటి కార్డును మెషీను పట్టిచ్చుకోదు బిడ్డా, అది మనుషులు సదువుకునేటందుకే. సారు తీస్కున్నడు. అంగి జేబుల పెట్టుకున్నడు.

తర్వాత కట్ట మీద పెట్టిండో, అంగితోని ఉతుకుల పోయిందో... ఇప్పటికీ తెల్వది. ఎవల ప్రోగ్రాం వాడుకున్నా, నువ్వు మటుకు వాళ్ల పేర్లు జేబుల పెట్టకు. సల్లగుండు బిడ్డా.