ఎటు తిరగాలి పంపు?

చూశారా, మళ్ళీ వెనక్కే! సీసాలోది గిన్నెలోకి పొయ్యమంటే, గిన్నెలోది సీసాలోకి తోడుకుంటోంది. కొత్త పంపట, కొత్త పంపు!

నవ్వకండి. ఇక్కడ మీరు ఎలక్ట్రీషియన్, నేను ప్రోగ్రామర్. మొగుడూ పెళ్ళాం సంగతి ఇంటికెళ్ళాక చూసుకుందాం.

పొద్దున్నే చెప్పానా లేదా? ఎర్రతీగ చోట నల్లతీగ, నల్లతీగ చోట ఎర్రతీగ పెట్టండి, మోటారు ఇటు తిరుగుతుంది, పీడా వదిలిపోతుంది అని. ఏమన్నారు? "కంపెనీ వాళ్ళ బొమ్మలో అలా లేదు." ఆహా! ఆ బొమ్మ గీసినవాడు మీకు మేనమామా?

ఎందుకింత రాద్ధాంతం అంటారేమిటండీ? మీకు తెలీదూ? పంపు నడిపే ప్రోగ్రాం ఏ ల్యాబుకి ఆ ల్యాబు వాళ్ళే మొదట్నుంచీ రాసుకుంటున్నారు. నేనేమో ఒక ముక్క రాసిపెట్టాను. ఒకసారి రాసింది ఎవరైనా తీసుకుని ఏ పంపుకైనా తగిలించుకోవచ్చు.

డైరెక్టర్ గారేమన్నారు? "అమ్మా, ఒక్క అక్షరం మార్చకుండా ఈ కొత్త పంపు నడిపి చూపించు. అన్ని ల్యాబుల్లోనూ నీదే వాడదాం. లేదంటే ఎవరి దారి వాళ్ళది."

ఇంకాసేపట్లో వస్తారాయన. ఇన్నాళ్ళ చాకిరీ రెండు తీగల మీద వేలాడుతుంటే, మీరు బొమ్మ పట్టుకు కూర్చున్నారు!

ప్రోగ్రాంలో ఓ మైనస్ గుర్తు పెట్టెయ్యమంటారా? పెడితే మార్చినట్టే కదండీ! పైగా అప్పుడు పాత పంపులు వెనక్కి తిరుగుతాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట!

సరే, ఒకటి చెప్తాను, కోప్పడకూడదు. ఇందాక మీరు టీకి వెళ్ళినప్పుడు తీగలు నేనే మార్చేశాను. కళ్ళజోడు బిగించుకునే బుల్లి స్క్రూడ్రైవర్ లేదూ, దాంతో.

మీరొచ్చి, బొమ్మ చూసి, మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేశారు కదూ?

లేదా? ఒట్టు? మరి దీనికేం దయ్యం పట్టింది?

ఏంటీ? గొణక్కండి, గట్టిగా చెప్పండి.

టీకి వెళ్ళేముందే మీరూ మార్చారా!

నాకోసమా? ఓరి దేవుడో! పెళ్ళయిన ఇన్నాళ్ళకి నా మాట ఒక్కసారి విన్నారు, అదీ దొంగచాటుగా! నాతో ఓ మాటంటే మీ సొమ్మేం పోయింది? మీరు నాకు అనుకూలంగా మార్చినదాన్ని నేను హడావిడిలో చూసుకోకుండా మళ్ళీ చెడగొట్టుకున్నానన్నమాట. మనిద్దరికీ బాగానే ముడేశారు!

అదుగో, మెట్ల మీద డైరెక్టర్ గారి మాటలు వినిపిస్తున్నాయి. వద్దు, స్క్రూడ్రైవర్ తియ్యకండి. వద్దంటుంటే!

వద్దండీ. తప్పు తీగల్లో లేదు. ఏ పంపుకైనా తగులుతుందని గొప్పలు చెప్పుకున్నాను గానీ, "అమ్మా, నువ్వు ఎటు తిరుగుతావు?" అని పంపుని ముందుగా అడిగి, జవాబు నింపుకునే గడి ఒక్కటీ అందులో పెట్టలేదు. లోకంలో పంపులన్నీ నా పాత పంపులాగే తిరుగుతాయనుకున్నాను. ఇవాళంటే మీరున్నారు, తీగలు మార్చిపెడతారు. రేపు ఇంకో ల్యాబుకి ఎవరి మొగుణ్ణి పంపను?

ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. ఆ గడి పెట్టడానికి ఓ వారం అడుగుతాను. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. ఉరేమీ తియ్యరు కదా.

తలుపు తియ్యండి. మొహం అలా వేలాడేసుకోకండి బాబూ, వెనక్కి తిరుగుతున్నది పంపు, మీరు కాదు.